నాగూర్‌బీ ఒంట్లో ముగింపు నిల్వ

మా ఊరి ఏరియా ఆసుపత్రిలో మందులు ఎవరూ దొంగిలించడం లేదని తేలినప్పుడు ఆడిట్ వారికి చాలా ఇబ్బంది కలిగింది.

వచ్చిన అధికారి పేరు త్రివిక్రమరావు గారు. అలమరాలో ఉండాల్సిన మాత్రలు అలమరాలో ఉన్నాయి. ఇచ్చిన మాత్రలు రోగుల చేతికే చేరాయి. ఎలుకలు కొట్టినవి కూడా ఎలుకలు కొట్టినట్టుగానే ఉన్నాయి. ఆయన రెండోసారి లెక్కపెట్టించారు. మళ్ళీ సరిపోయింది. "ఇంత సరిగ్గా ఉందంటే మనం చూడాల్సిన చోట చూడటం లేదన్నమాట" అన్నారట. ఈ సంగతి నాకు చెప్పింది మందుల కిటికీ దగ్గర కూర్చునే ఫార్మసిస్టు వరూధిని.

ఆయన చెడ్డవారు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. టీ కూడా ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకునేవారు. నేను పౌరసరఫరాల శాఖలో గోదాములు కాస్తూ తల నెరిసినవాణ్ణి. సొంత ఫ్లాస్కుతో దిగే ఆడిట్ అధికారిని చూస్తే నాకు ఇప్పటికీ అరచేతులు చెమరుస్తాయి. తినేవాడికి ఎక్కడో ఒకచోట కడుపు నిండుతుంది. తిననివాడికి నిండదు.

ఈ వ్యవహారంలో నాకేం పని అంటే, ఆసుపత్రి అభివృద్ధి సంఘంలో నేను వయోవృద్ధుల ప్రతినిధిని. సమావేశానికి వెళ్ళాలి, రెండు బిస్కెట్లు తినాలి, అంగీకారం అనాలి. నా భార్య హైమ పోయాక నేను అడక్కుండా నా చేతికి టీ వచ్చే చోటు అదొక్కటే. అందుకని ఒక్క సమావేశం కూడా మానలేదు.

ఆ వారం ఆసుపత్రిలో మందుల అవగాహన వారోత్సవం. సూపరింటెండెంటు డాక్టర్ బెంజమిన్ గారు సిబ్బందికి ఉపన్యాసం ఇస్తున్నారు. సంఘం సభ్యుణ్ణని నన్ను కూడా పిలిచారు, బిస్కెట్లు అక్కడ కూడా ఉన్నాయి. మెత్తటి మనిషి. సూది వేసే ముందు రోగికంటే ఎక్కువగా ఆయనే ముఖం చిట్లించుకుంటారు. నల్లబల్ల మీద సుద్దముక్కతో మెడ లేని మనిషి బొమ్మ ఒకటి గీసి, మందు ఒంట్లో ఎలా ప్రయాణం చేస్తుందో చెబుతున్నారు. మొదటి వరసలో త్రివిక్రమరావు గారు, ఆయన పక్కన ఫ్లాస్కు.

"మాత్ర పొట్టలో కరుగుతుంది. పేగుల్లోంచి రక్తంలోకి చేరుతుంది. దీన్ని శోషణ అంటాం. అయితే ఆ రక్తం నేరుగా గుండెకు పోదు. ముందు కాలేయంలోకి వెళుతుంది. కొత్తగా వచ్చిన ప్రతిదాన్నీ కాలేయం ఆపి చూస్తుంది. కొంత మందును అక్కడే విరగ్గొట్టేస్తుంది. మిగిలింది ఒళ్ళంతా తిరుగుతుంది."

త్రివిక్రమరావు గారు తలెత్తారు. "ఎంత విరగ్గొడుతుంది?"

"మందును బట్టి ఉంటుందండీ. కొన్నిట్లో సగానికి పైనే పోతుంది."

"సగానికి పైనే!"

"మామూలేనండీ. అందుకే పోయేదాన్ని కూడా కలుపుకుని మోతాదు నిర్ణయిస్తాం."

"అంటే పోతుందని మీకు ముందే తెలుసు."

"తెలుసండీ."

"తెలిసే ఇస్తున్నారు."

డాక్టరు గారు సుద్ద చేతిని తెల్లకోటుకు తుడుచుకున్నారు.

"కాలేయానికి ఈ అధికారం ఎవరిచ్చారు?"

"అది దాని స్వభావమండీ."

"స్వభావం పేరు మీద ప్రభుత్వ ఆస్తిని ధ్వంసం చేయడం ఏ నిబంధన కిందకు వస్తుందో సెలవివ్వండి. సరే, మిగిలింది ఒళ్ళంతా తిరుగుతుందన్నారు. ఏ పని మీద?"

"మాత్రకు అడ్రసు తెలియదు కదండీ. రక్తం ఎటు పోతే అటు పోతుంది. కణాల మీద గ్రాహకాలని ఉంటాయి. తాళం కప్పల్లాంటివి. మందు తనకు సరిపోయే కప్ప ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకుంటుంది. అక్కడే దాని పని జరుగుతుంది. ఒక్కోసారి మనం అనుకోని చోట కూడా సరిపోతుంది. దాన్నే దుష్ప్రభావం అంటాం."

"మోకాలికి మంజూరైన మాత్ర తలకాయలోకి కూడా పోతుందన్నమాట."

"పోతుందండీ."

"ప్రయాణ అనుమతి లేకుండా."

డాక్టరు గారు నా వైపు చూశారు. నేను రెండో బిస్కెట్టు వైపు చూశాను.

మర్నాడు మందుల కిటికీ మీద ఉత్తర్వు అంటించారు. "ఈ ఆసుపత్రి నందు జారీ చేయబడిన ఔషధములలో గణనీయమైన భాగము రోగుల కాలేయముల యందు అదృశ్యమగుచున్నట్లు, మరికొంత భాగము ఉద్దేశిత అవయవమునకు గాక ఇతర అవయవములకు మళ్ళించబడుచున్నట్లు తనిఖీలో వెల్లడైనందున, సదరు నష్టమునకు సంతృప్తికరమైన సంజాయిషీ ఇచ్చిన రోగులకు మాత్రమే తదుపరి మందులు ఇవ్వవలెనని, ఈ ఉత్తర్వు తక్షణమే అమలులోకి వచ్చునని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

క్యూలో అది చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చదివి వినిపించారు. రెండు వర్గాలకూ సమానంగానే అర్థమైంది.

కిటికీ పక్కన ఒక బల్ల వేసి, త్రివిక్రమరావు గారు స్వయంగా కూర్చున్నారు. మొదట దొరికినవాడు సోడాబండి బుల్లబ్బాయి. దగ్గుమందు తాగేవాడు.

"దగ్గు తగ్గిందా?"

"తగ్గిందండీ. ఇంకో లాభం కూడా వచ్చిందండీ. రాత్రుళ్ళు హాయిగా నిద్ర పట్టేస్తంది."

"నిద్ర మీకు మంజూరు కాలేదు."

"అంటే, నేను కావాలని పడుకోలేదండీ. అదే వచ్చేసింది."

"మందు గొంతు కోసం ఇస్తే మెదడు కోసం వాడుకున్నారు. ఇది మళ్ళింపు. పట్టిన నిద్రకు సంజాయిషీ చెప్పండి."

"పోనీ, ఇవాళ్టి నుంచి మేలుకుని ఉంటానండీ" అని బుల్లబ్బాయి ఒప్పుకున్నాడు. ఆ మాట మీద అతనికి సగం సీసా ఇచ్చారు.

తర్వాత బి కాంప్లెక్సు వేసుకునే ఒక పెద్దాయన, ఎవరూ అడక్కుండానే, మూత్రం పసుపు పచ్చగా వస్తోందని చెప్పుకున్నాడు. ఇది చిన్న మాట కాదు. త్రివిక్రమరావు గారు డాక్టరు గారిని పిలిపించారు. ఒంటికి అక్కర్లేని మందునీ, పని అయిపోయిన మందునీ మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపుతాయని డాక్టరు గారు ఒప్పుకోవలసి వచ్చింది. మధ్యాహ్నానికల్లా ఆసుపత్రి మరుగుదొడ్డికి సీలు పడింది. ప్రభుత్వ ఔషధములు ఆవరణ దాటి బయటకు పోవు స్థలము అని బోర్డు కట్టి, ఒక వాచ్‌మన్‌ను నిలబెట్టారు. రోగులంతా గోడ అవతలి తుప్పల్లోకి పోవడం మొదలుపెట్టారు. ఆ సంగతి తెలిసి, ఆవరణ వెలుపల తరలింపు ఎక్కువైందని త్రివిక్రమరావు గారు బాధపడ్డారు. వాచ్‌మన్ మాత్రం మంచివాడు. చంటిపిల్లల తల్లుల్ని చూసినప్పుడు బోర్డు వైపు తిరిగి నిలబడేవాడు.

ఇంతవరకూ అయితే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. కాలేయం గురించి ఎవరికి తోచిన సంజాయిషీ వాళ్ళు చెబుతూ, ఏదో విధంగా మందులు తీసుకుంటూనే ఉన్నారు. "వయసులో తాగానండీ, అందుకే అది నా మాట వినదు" అని ఒకాయన చెబితే, నిజాయితీగా ఒప్పుకున్నందుకు నెలకు సరిపడా ఇప్పించారు కూడా. అసలు చిక్కు సమీక్షా సమావేశంలో వచ్చింది. త్రివిక్రమరావు గారికి అర్ధాయువు గురించి తెలిసింది.

"కాలేయంలో పోయినది పోగా, రక్తంలో చేరిన మందు ఎన్నాళ్ళుంటుంది?" అని ఆయన అడిగారు. అబద్ధం చెప్పలేని డాక్టరు గారు చెప్పేశారు.

"ఒక్కో మందుకు ఒక్కో అర్ధాయువు ఉంటుందండీ. అంటే ఒంట్లో ఉన్న మందు సగానికి తగ్గడానికి పట్టే సమయం. ఫిట్సు మాత్ర తీసుకోండి. సుమారుగా ఒక రోజుకు సగం అవుతుంది. అందుకే అది పూర్తిగా పడిపోకముందే మళ్ళీ వేస్తాం. నిన్నటి దానికి ఇవాళ్టిది తోడై, రక్తంలో ఒక మట్టం నిలబడుతుంది. ఆ మట్టం ఉన్నంతసేపే ఫిట్సు రావు."

"ఒక రోజుకు సగం. మరి రెండో రోజుకు?"

"ఆ సగంలో సగం."

"తర్వాత?"

"అందులో సగం."

"సున్నా ఎప్పుడవుతుంది?"

"లెక్క ప్రకారమైతే సున్నా ఎప్పటికీ కాదండీ. కానీ..."

"కానీ అక్కర్లేదు." త్రివిక్రమరావు గారి ముఖంలో సంతోషం అనేదాన్ని నేను మొదటిసారి అప్పుడే చూశాను. "ప్రతి రోగి ఒంట్లోనూ ముగింపు నిల్వ ఉందన్నమాట. నిల్వ ఉండగా కొత్త సరుకు విడుదల చేయడం నిబంధనలకు విరుద్ధం. ఒంట్లో నిల్వ సున్నా అయిన తర్వాతే తదుపరి మాత్ర."

"సున్నా కాదంటున్నానండీ!"

"అది రోగి బాధ్యత."

నేను అంగీకారం అనలేదు. అనకపోయినా తీర్మానం ఆమోదం పొందింది. మందు పోయిందని చెబితే సంజాయిషీ ఇవ్వాలి, ఉందని చెబితే కొత్తది రాదు. ఆ సాయంత్రం నుంచి కిటికీ దగ్గర ఎవరికీ ఏ మాత్రా రాలేదు. డాక్టర్లు చీటీలు రాయడం కూడా ఆడిట్ అభ్యంతరం తేలేవరకు నిషేధం. చీటీ లేకుండా బయటి మందుల షాపువాడు ఇవ్వడు. అతనికి అతని భయాలున్నాయి.

ఆసుపత్రి గేటుకు ఎదురుగా నాగూర్‌బీ టిఫిను బండి ఉంటుంది. హైమ పోయిన దగ్గర్నుంచి నా పొద్దుటి ఇడ్లీ అక్కడే. చట్నీలో పచ్చిమిర్చి తగ్గించి, నాకోసం చిన్న గిన్నెలో విడిగా తీసి ఉంచుతుంది. ఎప్పుడూ ఆ మాట పైకి అనదు. నేనూ అనను.

నాగూర్‌బీకి ఫిట్సు ఉంది. మాత్రలు మొదలుపెట్టక ముందు ఒకసారి పెనం మీదికే పడింది. ఎడమ చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం ముడతలు పడిపోయి ఉంటుంది. రోజూ రాత్రి ఒక మాత్ర వేసుకుంటోంది కాబట్టే మళ్ళీ ఆ పెనం ముందు నిలబడగలుగుతోంది.

తీర్మానం జరిగిన మర్నాడు నేను వెళ్ళేసరికి ఆమె రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని ఆసుపత్రి వైపు చూస్తోంది.

"ఏంది బాబాయ్ ఇది? నా ఒంట్లో బిళ్ళ ఉందంటన్నారు. ఉంటే నాకు తెలవదా? నేనేమన్నా ముద్ద తిని మర్చిపోయినదాన్నా?"

"నిన్న వేసుకున్నదాంట్లో సగం ఉంటుందట అమ్మాయ్."

"సగం బిళ్ళతో సగం ఫిట్సు ఆగుద్దా? మిగతా సగం పెనం మీద పడాలా?"

"ఇంట్లో ఇంకెన్ని ఉన్నాయి?"

ఆమె పళ్ళెం కడుగుతూ చెప్పింది. "నాలుగు రోజులు బండి పెడతా. తర్వాత పెట్టను. పెట్టకపోతే అప్పిచ్చిన ఆయమ్మ వడ్డీ... వద్దులే బాబాయ్, ఇడ్లీ చల్లారతంది, తినండి."

ఆ నాలుగు రోజుల్లో నేను చేయగలిగినదంతా చేశాను. చేసినదంతా ఏమీ కాదు. డాక్టరు గారి గదికి వెళితే ఆయన కలం మూత తీసి, మళ్ళీ పెట్టి, "నా చేతులు కట్టేశారు పుండరీకాక్షం గారూ" అన్నారు. జిల్లా కార్యాలయంలో విషయం పరిశీలనలో ఉందన్నారు. ఏ విషయమని అడిగితే, అది కూడా పరిశీలనలోనే ఉందన్నారు. వరూధిని మాత్రం, మరి ఎలా చేసిందో నేను అడగలేదు, చిరిగిన అట్టలో ఒంటరిగా మిగిలిన ఒక మాత్రను నాగూర్‌బీ కొంగులో పడేసి, "ఇది లెక్కలో ఎలుక తిన్నది" అంది. దాంతో మరో రాత్రి గడిచింది.

ఆ మర్నాడే నాగూర్‌బీకి వ్యక్తిగత విచారణ.

విచారణ ఆ ఉపన్యాసం జరిగిన హాలులోనే. మెడ లేని మనిషి బొమ్మ ఇంకా నల్లబల్ల మీదే ఉంది. ఎవరో దాని కాలేయం చుట్టూ ఎర్ర సుద్దతో గీత గీశారు. త్రివిక్రమరావు గారు కూర్చుని ఉన్నారు. ముఖం బాగా ఎర్రబడి ఉంది. మాటిమాటికీ కణతలు నొక్కుకుంటున్నారు. ఫ్లాస్కు మూత కూడా తీయలేదు. డాక్టరు గారు ఒక మూల. సంఘం తరఫున నేను. బల్లకు ఈవల నాగూర్‌బీ, బండి దగ్గర్నుంచి సరాసరి వచ్చింది కాబట్టి ముంజేతికి పిండి అంటుకునే ఉంది.

"మీ ఒంట్లో ముగింపు నిల్వ ఎంత?"

"రాత్రి ఆఖరిది ఏసుకున్నా సార్. ఇంట్లో ఇంక ఒక్కటి కూడా లేదు."

"నేను ఇంట్లో నిల్వ అడగలేదు. ఒంట్లో నిల్వ అడిగాను."

"ఒంట్లో ఉంటే మీరే తీసుకోండి సార్. ఎక్కడ్నుంచి తీస్తారో తీయండి, నేను కూర్చుంటా." ఆమె ఎడమ చెయ్యి బల్ల మీద చాపింది. "దీంట్లో ఉందేమో చూడండి."

త్రివిక్రమరావు గారు ఆ చేతి వైపు చూశారు.

"అమ్మా, మీ మీద నాకు కోపం లేదు. నిబంధన అందరికీ ఒక్కటే. నేను కూడా బీపీ మాత్ర వాడతాను. ఉత్తర్వు ఇచ్చిన రోజు నుంచి నేను కూడా మానేశాను. నా ఒంట్లో కూడా నిల్వ ఉంది. నన్ను నేను తనిఖీ చేసుకోకుండా మిమ్మల్ని అడగను."

డాక్టరు గారు మూల నుంచి ఒక్కసారిగా లేచారు. "మానేశారా? ఎవరినడిగి మానేశారండీ?"

"అడగవలసిన అధికారిని నేనేగా."

అని, ఉత్తర్వులో ఆ పేరా చూపించడానికి కాబోలు, ఆయన కుర్చీలోంచి లేచారు. లేచి, ఎటు చూడాలో మర్చిపోయినట్టు నిలబడ్డారు.

నాగూర్‌బీ ఆయన కళ్ళలోకి చూసింది. "బాబాయ్, పడతన్నాడు, పట్టుకోండి!" అంటూ, నేను కుర్చీ వెనక్కి జరుపుకునేలోపే బల్ల చుట్టూ తిరిగి ఆయన్ని చంకల కింద పట్టేసింది. ఆ చెయ్యితోనే. ఆయన తల బల్ల కొసకు జానెడు దూరంలో ఆగింది. పడటం గురించి ఆ గదిలో బాగా తెలిసింది ఆమె ఒక్కదానికే.

ఆయన్ని బెంచీ మీద పడుకోబెట్టాం. డాక్టరు గారు బీపీ చూసి, "ప్రభువా" అని, రెండోసారి చూసి కేకేశారు. "వరూధినీ! సార్‌కి బీపీ మాత్ర! వెంటనే!"

వరూధిని వచ్చింది. రెండు చేతులూ ఖాళీ.

"ఇవ్వడానికి లేదండీ. అర్ధాయువు ప్రకారం సార్ ఒంట్లో ఇంకా నిల్వ ఉంది. సున్నా కాలేదు."

నేను ఆమె ముఖంలోకి చూశాను. నవ్వడం లేదు. నవ్వకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో ఆమె చెవులు చూస్తే తెలుస్తోంది.

"అమ్మా, ఇది ప్రాణం మీదికి..." డాక్టరు గారు.

బెంచీ మీద నుంచి సన్నగా వినిపించింది. "ఆవిడ చెప్పిందే సరైనది. ఇవ్వకండి."

చెప్పాను కదా, చెడ్డవారు కాదు. చెడ్డవారైతే ఇంత చిక్కు ఉండేది కాదు. నోరు తెరిచి మింగేసేవారు.

నాగూర్‌బీ కొంగుతో ఆయనకు విసురుతూ అడిగింది. "సార్, కోప్పడద్దు. మీరు పోతే, మీ ఒంట్లో ఉన్న ఆ నిల్వ ఎవరి లెక్కలో పడద్ది?"

త్రివిక్రమరావు గారు ఒక కన్ను తెరిచారు. "ఆ అంశం పరిశీలించలేదు" అన్నారు. ఆ గొంతులో మొదటిసారి భయం వినిపించింది. చావుకు కాదు.

అక్కడ నాకు అర్థమైంది. ఈయనకు వైద్యం చెబితే పని జరగదు. నిబంధన చెప్పాలి. నాకు జీవితంలో వచ్చినవి రెండే విద్యలు, హైమ నేర్పిన పప్పుచారు, మా శాఖ నేర్పిన తరుగు లెక్క. నేను బెంచీ పక్కన నేల మీద కూర్చున్నాను.

"అయ్యా, మా గోదాముల సంగతి ఒకటి మనవి చేస్తాను. బియ్యం మొత్తం లారీలకు ఎత్తేశాక కూడా నేల పగుళ్ళలో గింజలుండిపోతాయి. ఊడుస్తాం. ఇంకా ఉంటాయి. మళ్ళీ ఊడుస్తాం. ఇంకా ఉంటాయి. గింజ కూడా లేని గోదామును నేనింతవరకూ చూడలేదు."

"మరి కొత్త సరుకు?" కన్ను ఇంకా తెరిచే ఉంది.

"పగుళ్ళలో గింజలున్నాయని గేటు దగ్గర లారీలను ఆపరండీ. దాన్ని ఊడ్పు కింద రాసేస్తారు. ఊడ్పు నిల్వ కాదు."

"ఉత్తర్వు ఉందా?"

"మా శాఖలో ఎప్పట్నుంచో ఉంది. ఒళ్ళు గోదాము అనుకోండి."

రెండో కన్ను కూడా తెరుచుకుంది. "కాలేయం?"

"మిల్లు. వడ్లు పంపితే బియ్యం వస్తాయి. పంపినంత బరువు తిరిగి రాదు. ఊక పోతుంది, తౌడు పోతుంది. మిల్లువాణ్ణి ఊక ఏదని ఎవరూ అడగరండీ."

డాక్టరు గారికి ఊపిరి వచ్చింది. "అవునండీ, మీ బీపీ మాత్రే చూడండి. వేసుకున్నది వేసుకున్నట్టుగా అది దాదాపు పనిచెయ్యదు. కాలేయంలో మారితేనే అసలు మందు అవుతుంది."

త్రివిక్రమరావు గారు ఆశ్చర్యపోయారు. "అంటే ఇన్నేళ్ళూ నేను మింగింది వడ్లా?"

"వడ్లేనండీ."

"మూత్రపిండాలు?"

"వెనక గేటు" అన్నాను. "ఊడ్చింది అటే పోవాలి. అక్కడ సీలు వేస్తే లోపలంతా పురుగు పడుతుంది."

ఆయన కళ్ళు మూసుకున్నారు. పోయారేమోనని డాక్టరు గారు నాడి పట్టుకున్నారు. పోలేదు. చెప్పి రాయిస్తున్నారు. "పూర్వపు ఉత్తర్వులను పాక్షికముగా సవరించుచూ, ప్రతి రోగి శరీరమును ఉప గోదాముగానూ, సదరు రోగి కాలేయమును అనుబంధ మిల్లుగానూ పరిగణించవలెనని, శేషించిన ఔషధమును ఊడ్పు క్రింద మినహాయించి, తదుపరి సరుకును యథావిధిగా విడుదల చేయవలెనని..." వరూధిని మందుల అట్ట వెనక రాసుకుంటోంది. యథావిధిగా అన్నప్పుడు ఆమె కలం కొంచెం ఆగింది.

ఆయన సంతకం చేశారు. వరూధిని పరుగున వెళ్ళి రెండు మాత్రలు తెచ్చింది. ఒకటి తెల్లది, ఒకటి చిన్నది. డాక్టరు గారు చిన్నదాన్ని త్రివిక్రమరావు గారి నోటి దగ్గరికి తీసుకెళితే ఆయన తల పక్కకు తిప్పారు.

"క్యూలో ముందు ఆవిడ ఉంది."

నాగూర్‌బీ ఆ మాటకు నవ్వింది. "నాది రాత్రికి వేసుకునేది సార్. చేతికి వచ్చింది, చాలు. మీరు మింగండి" అని, ఆయన తల కింద చెయ్యి పెట్టి ఎత్తింది. మింగారు. వడ్లు మిల్లుకు బయల్దేరాయి.

ఆ తర్వాత అంతా సవ్యంగా జరిగిందని చెబితే మీరు నమ్మరు. గోదాము అని ఒప్పుకున్నాక గోదాము నిబంధనలన్నీ వచ్చాయి. రోగులు తేమలో తిరగకూడదన్నారు. ఎలుకల నివారణకు ఒక తనిఖీ బృందం వస్తుందన్నారు. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయని ఎవరూ నోరుజారి అనవద్దని వరూధిని క్యూలో అందరినీ హెచ్చరించింది. సోడాబండి బుల్లబ్బాయి మళ్ళీ నిద్రపోవడం మొదలుపెట్టాడు. గోదాములు రాత్రిపూట మూసి ఉండాలి కాబట్టి ఇప్పుడది నిబంధనే. మరుగుదొడ్డి సీలు తీసేశారు. ఆ పూట ఆవరణలో కనిపించిన సంతోషం నేను పండగల్లో కూడా చూడలేదు.

చివరగా అగ్నిమాపక నిబంధన వచ్చింది. ప్రతి ఉప గోదాముకు ఎర్ర రంగు వేసిన ఇసుక బకెట్లు రెండు. ఆసుపత్రివాళ్ళే ఇస్తారు, రోగులు వచ్చినప్పుడల్లా వెంట తెచ్చుకోవాలి. కొన్నాళ్ళు మా ఊళ్ళో జ్వరం వచ్చినవాడెవడో బకెట్లను బట్టి తెలిసిపోయేది. నేను కూడా రోజూ ఒక మాత్ర మింగేవాణ్ణే కాబట్టి నాకు కూడా రెండు వచ్చాయి. ఒకదాంట్లో కొత్తిమీర చల్లాను. మొలిచింది.

నాగూర్‌బీ తన రెండు బకెట్లనూ పొయ్యికి అటొకటి ఇటొకటి పెట్టుకుంది. ఆ బండి దగ్గర ఎప్పుడో ఉండాల్సినవి. ఇన్నాళ్ళూ ఎవరికీ తోచలేదు. ఈ వ్యవహారం మొత్తంలో ఉండాల్సిన చోటికి చేరిన ప్రభుత్వ ఆస్తి అవే అనుకుంటాను.

బదిలీ మీద వెళ్ళిపోయే రోజు పొద్దున త్రివిక్రమరావు గారు బండి దగ్గర ఆగారు. ఫ్లాస్కు చంకలో ఉంది. బకెట్లలోకి వేలు పెట్టి ఇసుక పొడిగా ఉందో లేదో చూశారు. ఇడ్లీ తినమంటే, విధి నిర్వహణలో ఉండగా తిననన్నారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు.

"రాత్రి మాత్ర వేసుకున్నారా?"

"ఏసుకున్నా సార్. మీరు?"

ఆయన పొట్ట మీద అరచెయ్యి పెట్టి, "జమ అయింది" అని జీపెక్కారు.

నాగూర్‌బీ పెనం మీద నీళ్ళు చిలకరించింది. చుయ్ మంది. పిండి పోసి, గరిటెతో గుండ్రంగా తిప్పుతూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"మీరో బాబాయ్? ఏసుకున్నారా?"

హైమ పోయాక ఆ మాట నన్నెవరూ అడగలేదు. జేబులో ఉన్న మాత్ర తీసి, ఆమె ఇచ్చిన గ్లాసు నీళ్ళతో అక్కడే మింగాను.

"ఇప్పుడు జమైందమ్మాయ్" అన్నాను.

"ఇంక రోజూ అడుగుతా. గోదాము వాళ్ళను నమ్మకూడదంట" అని, చిన్న గిన్నెలోని చట్నీ నా ఇడ్లీ పక్కన పెట్టింది.